రాత్రి తరగతి విద్యార్థి – మారియన్ రెయెవ్‌స్కీ

ఈ రోజు మనం సెల్‌ఫోనులో డబ్బు పంపినా, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపినా, ఆ వివరాలు దారిలో ఇంకొకరి కంట పడకుండా ఒక లెక్క ప్రకారం తారుమారై ప్రయాణిస్తాయి. చేరవలసిన చోట మళ్లీ అసలు రూపంలోకి వస్తాయి. ఈ విద్యను గూఢలిపి శాస్త్రం అంటారు. చాలామందికి తెలిసిన మాట క్రిప్టాలజీ. నేడు సమాచార భద్రత, సైబర్ సెక్యూరిటీ పేర్లతో ఇందులో ఎం.టెక్. కోర్సులు ఉన్నాయి, పరిశోధనలు ఉన్నాయి, మంచి ఉద్యోగాలూ ఉన్నాయి.

కానీ ఈ విద్యకు డిగ్రీ గాని, సిలబస్ గాని లేని కాలం ఒకటి ఉండేది. ఆ కాలంలో పోలండ్ దేశంలో, రాజధానికి దూరంగా ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకుంటున్న కుర్రవాళ్లను పిలిచి, వారిచేత ప్రమాణం చేయించి, సాయంత్రం పూట రహస్యంగా ఈ పాఠాలు చెప్పారు. ఆ తరగతిలో కూర్చున్న ఒక విద్యార్థి నాలుగేళ్లు తిరగకుండానే జర్మన్ సైన్యం ఎంతో నమ్ముకున్న ఎనిగ్మా యంత్రం గుట్టు విప్పారు. ఆయనే మారియన్ రెయెవ్‌స్కీ. ఎనిగ్మా అనగానే అందరూ ఇంగ్లండుకు చెందిన అలాన్ ట్యూరింగ్ పేరు చెబుతారు. ట్యూరింగ్ గొప్పవారే. కానీ ఆయన కంటే ముందు ఆ తలుపు తెరిచిన వ్యక్తి జీవితం కూడా మనం తెలుసుకోవలసినదే.

బాల్యం, చదువు

రెయెవ్‌స్కీ 1905 ఆగస్టు 16న బ్రోమ్‌బెర్గ్ అనే పట్టణంలో జన్మించారు. తండ్రి యూజెఫ్ పొగాకు వ్యాపారి. తల్లి మటిల్డా. అప్పటికి ప్రపంచ పటంలో పోలండ్ అనే దేశమే లేదు. 18వ శతాబ్దం చివరలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఆ దేశాన్ని ముక్కలు చేసి పంచుకున్నాయి. రెయెవ్‌స్కీ పుట్టిన ఊరు జర్మనీ పాలనలో ఉండేది. ఇంట్లో పోలిష్ భాష, బడిలో జర్మన్ భాష. అమ్మతో మాట్లాడే భాష ఒకటి, మార్కులు తెచ్చిపెట్టే భాష మరొకటి. తెలుగు మీడియంలో చదివి ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడిన మనకు ఆ ఇబ్బంది ఎవరూ వివరించనక్కరలేదు.

1918లో మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పోలండ్ మళ్లీ స్వతంత్ర దేశమైంది. బ్రోమ్‌బెర్గ్ పేరు బిద్‌గోష్చ్‌గా మారింది. 1923లో రెయెవ్‌స్కీ పాఠశాల చదువు ముగించి పోజ్నాన్ విశ్వవిద్యాలయంలో గణితంలో చేరారు. అది 1919లో మొదలైన కొత్త విశ్వవిద్యాలయం. 1929 మార్చి 1న ఆయన గణితంలో మాస్టర్స్ డిగ్రీ పొందారు. బీమా కంపెనీలలో లెక్కలు చూసే నిపుణుడిగా స్థిరపడాలని ఆయన కోరిక. కానీ అంతకు కొద్ది వారాల ముందే ఆయన జీవితం ఇంకో దారి పట్టింది.

సాయంత్రం పూట రహస్య తరగతి

ఒకవైపు జర్మనీ, మరోవైపు సోవియట్ రష్యా. ఈ రెండింటి మధ్య కొత్తగా లేచి నిలబడిన దేశానికి ఇరుగుపొరుగు సైన్యాలు ఏం మాట్లాడుకుంటున్నాయో తెలియడం చావుబతుకుల సమస్య. 1920లో రష్యాతో జరిగిన యుద్ధంలో పోలండ్ గణిత ఆచార్యులు కొందరు సైన్యానికి సాయపడి రష్యన్ రహస్య సందేశాలను చదివిపెట్టారు. అందుచేత ఈ పనికి లెక్కలు వచ్చినవారు పనికొస్తారని సైనిక అధికారులకు తెలిసింది. 1928 జూలైలో జర్మన్ సైన్యం యంత్రంతో సందేశాలు పంపడం మొదలుపెట్టింది. వైర్‌లెస్‌లో అవి వినపడుతూనే ఉన్నాయి. కాగితం మీద రాసుకుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు.

అప్పుడు సైన్యంలోని గూఢలిపి విభాగం పోజ్నాన్ వైపు చూసింది. ఎందుకంటే ఆ ప్రాంతం వందేళ్లకు పైగా జర్మన్ల చేతిలో ఉండడం వల్ల అక్కడి విద్యార్థులకు జర్మన్ భాష బాగా వచ్చు. పరాయి పాలన బలవంతంగా నేర్పించిన భాషే అక్కడి పిల్లలకు అర్హతగా మారింది. గణిత ఆచార్యుడు జ్దిస్వావ్ క్రిగోవ్‌స్కీ తన విద్యార్థులలో లెక్కలూ, జర్మన్ భాషా రెండూ వచ్చినవారి జాబితా ఇచ్చారు. 1929 జనవరి 15న తరగతి మొదలైంది. ఇరవై మందికి పైగా చేరారు. పాఠం సంగతి బయట ఎవరికీ చెప్పమని అందరూ ప్రమాణం చేశారు. వారానికి రెండు సాయంత్రాలు పాఠాలు. మేజర్ పొకోర్నీ, కెప్టెన్ మాక్సిమిలియన్ చెంష్కీ, ఇంజినీరు ఆంతొనీ పల్లుత్ వార్సా నుంచి వచ్చి పాఠాలు చెప్పేవారు. ఫ్రెంచి సైనికాధికారి జివియెర్జ్ రాసిన పుస్తకమే వారికి ఆధారం.

ఈ తరగతి ప్రత్యేకత ఏమిటంటే, కొద్ది వారాలు గడిచాక మాస్టార్లు కల్పిత లెక్కలు ఆపి, నిజంగా వైర్‌లెస్‌లో పట్టుకున్న జర్మన్ సందేశాలనే విద్యార్థుల చేతికిచ్చారు. జవాబు పుస్తకం వెనక ఉండదు. సరిగ్గా విప్పితే జర్మన్ వాక్యం కనబడుతుంది, లేకపోతే లేదు. పగలు విశ్వవిద్యాలయం చదువు, సాయంత్రం ఈ పని. రెండూ మోయలేక ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి గట్టిగా నిలిచిన పేర్లు మూడు. రెయెవ్‌స్కీ, హెన్రిక్ జిగాల్‌స్కీ, యెజీ రుజిత్‌స్కీ. నిజానికి రెయెవ్‌స్కీ ఆ కోర్సు పూర్తి కాకముందే బీమా గణితం చదవడానికి జర్మనీలోని గొటింగెన్ వెళ్లిపోయారు. 1930 వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు తన విశ్వవిద్యాలయంలోనే అధ్యాపక సహాయకుడి ఉద్యోగం దొరికింది. దాంతోపాటు పోజ్నాన్‌లో గూఢలిపి విభాగం తెరిచిన చిన్న ఆఫీసులో వారానికి దాదాపు పన్నెండు గంటలు పని. 1932 సెప్టెంబరు 1న ముగ్గురు మిత్రులూ వార్సాలోని విభాగంలో ఉద్యోగులుగా చేరారు.

ఎనిగ్మా గుట్టు

1932 అక్టోబరులో అధికారులు రెయెవ్‌స్కీని పిలిచి ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి ఎనిగ్మా పని అప్పగించారు. మిగతా ఇద్దరికీ కూడా మొదట ఆ సంగతి చెప్పలేదు.

ఎనిగ్మా చూడడానికి టైపు మిషను లాగే ఉంటుంది. ఒక మీట నొక్కితే కరెంటు లోపలి తీగల గుండా వెళ్లి పైన వేరొక అక్షరం మీద బల్బు వెలుగుతుంది. లోపల మూడు చక్రాలు. ఒక్కోదానికి 26 స్థానాలు. మీట నొక్కిన ప్రతిసారీ చక్రం ఒక మెట్టు తిరుగుతుంది కనుక అదే అక్షరం మళ్లీ నొక్కితే ఇంకో అక్షరం వస్తుంది. 26ను మూడుసార్లు గుణిస్తే 17,576 స్థితులు. మూడు చక్రాలను ఆరు వరుసల్లో అమర్చవచ్చు కనుక మొత్తం 1,05,456. ఇవి చాలనట్టు ముందు భాగంలో ఆరు జతల అక్షరాలను తీగలతో తారుమారు చేసే పలక మరొకటి ఉండేది. దాంతో లెక్క ఊహకు అందనంత పెరిగిపోతుంది. ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ పోతే ఒక జీవితం చాలదు.

మరి రెయెవ్‌స్కీ ఎక్కడ పట్టుకున్నారు? యంత్రంలో కాదు, దాన్ని వాడే నిబంధనలో. ప్రతి సందేశానికీ ఆపరేటరు తన ఇష్టం వచ్చిన మూడు అక్షరాలు ఎంచుకోవాలి. అవి ఆ సందేశానికి తాళంచెవి. వైర్‌లెస్‌లో తప్పు దొర్లితే ఎలా అని భయపడి, ఆ మూడు అక్షరాలనూ వెంటవెంటనే రెండుసార్లు టైపు చేసి పంపమని జర్మన్ అధికారులు నిబంధన పెట్టారు. అంటే ప్రతి సందేశం మొదట్లో ఆరు అక్షరాలు ఉంటాయి. ఒకటో అక్షరం, నాలుగో అక్షరం అసలులో ఒకటే. రెండోది, ఐదోది ఒకటే. మూడోది, ఆరోది ఒకటే. జాగ్రత్త కోసం పెట్టిన నిబంధనే యంత్రానికి చిల్లు పెట్టింది.

ఒక రోజు సందేశాలన్నీ ముందు పెట్టుకుని ఒకటో అక్షరం నుంచి నాలుగో అక్షరానికి బాణం గీస్తూ పోతే గొలుసులు ఏర్పడతాయి. ఎ నుంచి డి, డి నుంచి కె, కె నుంచి మళ్లీ ఎ, ఇలా గుండ్రంగా తిరిగి మొదటికి వస్తుంది. డిగ్రీ లెక్కల్లో ప్రస్తారాల చక్రాలు అని చదువుకునేవి ఇవే. ఇక్కడ ఒక చక్కని విషయం ఉంది. మన హాస్టల్ ఆవరణలో పిల్లలు చేతులు పట్టుకుని మూడు వలయాలుగా నిలబడ్డారనుకుందాం. ఒకదానిలో పదిమంది, ఒకదానిలో ఎనిమిది, ఒకదానిలో ఆరుగురు. ఇప్పుడు వారి పేర్లన్నీ తారుమారు చేసి పిలవండి. వలయాలలో ఉన్నవారి సంఖ్య మారుతుందా? మారదు. అలాగే ముందున్న పలక అక్షరాల పేర్లు మార్చగలదు గాని గొలుసుల పొడవు మార్చలేదు. అంత పెద్ద అంకెను తెచ్చిపెట్టిన పలక ఆ గొలుసుల పొడవు ముందు పనికిరాకుండా పోయింది.

దీనికి తోడు ఆపరేటర్ల బద్ధకం కూడా కలిసొచ్చింది. ఏవైనా మూడు అక్షరాలు ఎంచుకోమంటే చాలామంది ఒకే అక్షరాన్ని మూడుసార్లు కొట్టేవారు, లేదా మీటల మీద పక్కపక్కన ఉన్నవి కొట్టేవారు. రెయెవ్‌స్కీ మనుషుల ఈ అలవాటును కూడా లెక్కలోకి తీసుకున్నారు.

అయినా చక్రాల లోపలి తీగలు ఎలా కలిపారో తెలియాలి. ఆయన సమీకరణాలు రాశారు గాని తెలియని రాశులు ఎక్కువైపోయాయి. ఆ డిసెంబరులో ఫ్రెంచి గూఢచారి విభాగం నుంచి వచ్చిన కాగితాలు ఆయన చేతికి అందాయి. డబ్బు కోసం ఒక జర్మన్ ఉద్యోగి అమ్మిన కాగితాలవి. అందులో 1932 సెప్టెంబరు, అక్టోబరు నెలల రోజువారీ అమరికలు ఉన్నాయి. దాంతో ఒక తెలియని రాశి తగ్గింది. ఆ రెండు నెలలకూ మధ్య చక్రాల వరుస మారడం వల్ల రెండు చక్రాల తీగలు కనిపెట్టే వీలు కలిగింది. కానీ సమీకరణాలు ఇంకా కుదరలేదు. మీటల నుంచి తీగలు లోపలికి ఏ వరుసలో వెళ్తున్నాయన్నది చిక్కు. బజారులో అమ్మిన యంత్రంలో టైపు మిషను వరుస ఉండేది. సైన్యం యంత్రంలో మామూలు అక్షరమాల వరుసే పెట్టి ఉంటారేమోనని ఆయన ఊహించి చూశారు. వెంటనే కుదిరింది. 1932 డిసెంబరు చివరికి, అసలు యంత్రాన్ని కంటితో చూడకుండానే, కాగితం, పెన్సిలుతో ఆయన దాని లోపలి తీగలు కనిపెట్టారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు.

ఆరేళ్ల పోరాటం

ఆ తరువాత జిగాల్‌స్కీ, రుజిత్‌స్కీ కూడా ఈ పనిలో కలిశారు. ఏవీఏ అనే చిన్న రేడియో కార్ఖానాలో నకలు యంత్రాలు తయారయ్యాయి. ఆ కార్ఖానా యజమానులలో ఒకరు వారికి పాఠం చెప్పిన పల్లుత్ గారే. రెయెవ్‌స్కీ సైక్లోమీటర్ అనే పరికరం తయారుచేయించి, 1,05,456 స్థితులకూ గొలుసుల పొడవులు కార్డుల మీద రాయించారు. దానికి ఏడాదికి పైగా పట్టింది. పూర్తయ్యాక ఏ రోజు అమరిక అయినా పది, ఇరవై నిమిషాల్లో దొరికేది. 1937 నవంబరు 1న జర్మన్లు యంత్రంలో ఒక భాగం మార్చారు. కార్డులన్నీ పనికిరాకుండా పోయాయి. మళ్లీ మొదటి నుంచి రాశారు. 1938 సెప్టెంబరులో నిబంధనలే మార్చారు. దానికి జవాబుగా రెయెవ్‌స్కీ బొంబా అనే యంత్రం రూపొందించారు. అలాంటివి ఆరు చేశారు. జిగాల్‌స్కీ రంధ్రాల కాగితాల పద్ధతి కనిపెట్టారు. ఆ రంధ్రాలన్నీ బ్లేడుతో చేత్తోనే కోసుకున్నారు.

1938 డిసెంబరులో జర్మన్లు మరో రెండు చక్రాలు చేర్చారు. ఆరు వరుసలు కాస్తా అరవై అయ్యాయి. పని పదింతలయింది. తెలివి ఉంది గాని అంత డబ్బు, అన్ని యంత్రాలు పోలండ్ దగ్గర లేవు. యుద్ధం ముంచుకొస్తోంది. అందుకే 1939 జూలైలో వార్సా పక్కన పిరీ అడవిలోని కేంద్రానికి బ్రిటిష్, ఫ్రెంచి నిపుణులను పిలిచి తమకు తెలిసినదంతా చెప్పేశారు. ఒక్కో దేశానికి ఒక్కో నకలు యంత్రం ఇచ్చారు. దాదాపు అయిదు వారాలకు, సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద దండెత్తింది. బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్కులో ట్యూరింగ్, ఆయన సహచరులు కొత్త పద్ధతులతో, మరింత పెద్ద యంత్రాలతో ఈ పనిని ముందుకు తీసుకువెళ్లారు. వారు సున్నా నుంచి మొదలుపెట్టవలసిన అవసరం లేకపోయింది.

కష్టకాలం

భార్య ఇరెనాను, ఇద్దరు పసిపిల్లలను వార్సాలో వదిలి రెయెవ్‌స్కీ మిత్రులతో రుమేనియా మీదుగా ఫ్రాన్స్ చేరుకున్నారు. పారిస్ దగ్గరలోని రహస్య కేంద్రంలో మళ్లీ పని మొదలుపెట్టారు. 1940 జనవరిలో ట్యూరింగ్ అక్కడికి వచ్చి వారిని కలిశారు. జర్మనీ ఫ్రాన్స్‌ను ఓడించాక దక్షిణ ఫ్రాన్స్‌లో దొంగ పేర్లతో బతుకుతూ పని సాగించారు. 1942 జనవరి 9న మధ్యధరా సముద్రంలో ఓడ మునిగి రుజిత్‌స్కీ మరణించారు. మిగిలిన ఇద్దరూ 1943 జనవరిలో మంచులో పిరనీస్ పర్వతాలు దాటుతుంటే దారి చూపడానికి వచ్చినవాడే తుపాకీ చూపి దోచుకున్నాడు. స్పెయిన్‌లో పోలీసులు పట్టుకుని జైల్లో పెట్టారు. మూడు నెలల తరువాత విడుదలై, పోర్చుగల్, జిబ్రాల్టర్ మీదుగా బ్రిటన్ చేరారు.

అక్కడ ఏమైందో వినండి. ఎనిగ్మా గుట్టు మొదట విప్పిన వ్యక్తిని పోలిష్ సేనలో మామూలు సిపాయిగా చేర్చుకున్నారు. తరువాత చిన్న ఆఫీసరు హోదా వచ్చింది. చేతిరాత గూఢలిపులు విప్పే పని ఇచ్చారు గాని ఎనిగ్మా పని దగ్గరకు రానివ్వలేదు. బ్లెచ్లీ పార్కు గేటు ఆయనకు తెరుచుకోలేదు.

వారికి పాఠాలు చెప్పిన మాస్టార్ల గతి ఇంకా బాధాకరం. పల్లుత్ జర్మన్ నిర్బంధ శిబిరంలో ఉండగా 1944లో మరణించారు. చెంష్కీ 1943లో జర్మన్లకు చిక్కారు. విచారణలో, ఆఖరి మార్పుల తరువాత ఆ యంత్రాన్ని విప్పడం తమ వల్ల కాలేదని శత్రువును నమ్మించారు. ఒక్కరు నోరు జారినా జర్మన్లు ఎనిగ్మాను పక్కన పడేసేవారు. అలా జరగలేదు. 1929లో ఒక సాయంత్రం విద్యార్థుల చేత చేయించిన ప్రమాణాన్ని గురువులు ప్రాణాల మీదికి వచ్చినా తామూ నిలబెట్టుకున్నారు.

మౌనం, ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

1946 నవంబరులో రెయెవ్‌స్కీ స్వదేశం తిరిగి వచ్చారు. మరుసటి వేసవిలో పదకొండేళ్ల కొడుకు ఆంద్జెయ్ పోలియో సోకి అయిదు రోజుల్లో చనిపోయాడు. ఆ దుఃఖంలో భార్యను, కూతురిని వదిలి దూరం వెళ్లలేక ఆయన మళ్లీ విశ్వవిద్యాలయంలో చేరలేదు. సొంత ఊరు బిద్‌గోష్చ్‌లో ఒక కేబుల్ తయారీ సంస్థలో అమ్మకాల విభాగం చూశారు. విదేశాల నుంచి వచ్చినవాడని అప్పటి ప్రభుత్వ రహస్య పోలీసులు ఆయన మీద ఏళ్ల తరబడి నిఘా పెట్టారు. 1950లో ఆ ఉద్యోగం పోయింది. తరువాత సహకార సంఘాలలో లెక్కలు చూస్తూ 1967లో రిటైరయ్యారు. తన పక్క కుర్చీలో పనిచేసే మనిషి ఎవరో ఆ ఆఫీసులలో ఎవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు.

1973లో ఫ్రెంచి అధికారి బెర్‌త్రాఁ పుస్తకం రాశాక, మరుసటి ఏడాది బ్రిటన్‌లో కూడా రహస్యం బయటపడ్డాక ప్రపంచానికి ఆయన సంగతి తెలిసింది. 1978లో పోలండ్ ప్రభుత్వం పురస్కారం ఇచ్చింది. 1980 ఫిబ్రవరి 13న, 74 ఏళ్ల వయసులో గుండెపోటుతో వార్సాలో కన్నుమూశారు. 2000లో దేశపు పెద్ద పురస్కారాలలో ఒకటి ఆయనకు మరణానంతరం లభించింది. 2007లో పోజ్నాన్ నగరంలో ముగ్గురు మిత్రుల పేర్లతో స్మారకం నిలిపారు. అంకెలతో నిండిన మూడు ముఖాల స్తంభం అది. ఒక్కో ముఖం మీద ఒక్కొక్కరి పేరు.

మనం గ్రహించవలసింది

ఈ జీవితం చదివాక, కష్టపడితే కీర్తి వస్తుందని చెప్పడం సులువు. అది అబద్ధం. రెయెవ్‌స్కీకి కీర్తి ముసలితనంలో వచ్చింది. రుజిత్‌స్కీకి, పల్లుత్‌కు బతికుండగా రానే లేదు. కానీ పని నిలిచింది. సమాచార భద్రతలో ఎం.టెక్., పిహెచ్.డి. చేద్దామనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు మూడు తరాలుగా ఆ సబ్జెక్టులో మారని పాఠం ఇక్కడ చూడవచ్చు. తాళం ఎంత గట్టిదైనా, దాన్ని వాడే మనిషి అలవాటు దగ్గర అది ఊడుతుంది. మూడుసార్లు ఒకే అక్షరం కొట్టిన ఆ జర్మన్ ఆపరేటరుకూ, పుట్టిన తేదీనే పాస్‌వర్డుగా పెట్టుకునే మనకూ పెద్ద తేడా లేదు.

ఇంకొక మాట. పోలండ్‌కు కావలసిన మేధావులు రాజధానిలోని పెద్ద కుటుంబాల్లో కాదు, పరాయి భాషలో చదువు నేర్చుకున్న ఒక మూల ప్రాంతం పిల్లల్లో దొరికారు. అయితే ఎవరో ఒక ఆచార్యుడు వారి పేర్లు జాబితాలో రాశాడు. ఎవరో అధికారి రైలెక్కి వచ్చి పాఠం చెప్పాడు. మన హాస్టళ్ల నుంచి ఉద్యోగాల్లోకి వెళ్లిన అన్నలూ, అక్కలూ ఏడాదికి ఒక్కసారి వచ్చి పదిమందికి ఒక్క లెక్క చెప్పినా ఆ జాబితా రాసినవారవుతారు.

ఇంటర్ పుస్తకంలో ప్రస్తారాల అధ్యాయం పరీక్షకు ముందు వదిలేసేవారు మనలో చాలామంది ఉన్నారు. ఈసారి ఆ పేజీ తిప్పే ముందు మారియన్ రెయెవ్‌స్కీ పేరు ఒక్కసారి తలచుకోండి.